గ్యాస్ గీజర్, ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో స్మార్ట్ మోనాక్సైడ్ అలారం: ఎక్కడ బిగించాలి, ఊరికే ఎందుకు మోగుతుంది

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. అమలాపురం దగ్గర పల్లెలో డెబ్భై దాటిన అమ్మానాన్నలు ఇద్దరే ఉంటారు. బాత్‌రూములో గ్యాస్ గీజర్, హాల్లో ఇన్వర్టర్. మీ తమ్ముడు అమెరికా నుంచి తెచ్చిన స్మార్ట్ కార్బన్ మోనాక్సైడ్ (మంటకి గాలి చాలనప్పుడు పుట్టే విషవాయువు) అలారాన్ని హాలు సీలింగుకి బిగించారు. పొయ్యీ గీజరూ ఏదీ వెలగని వేళ, తెల్లవారుజామున రెండుసార్లు మోగింది. నాన్నగారు విసిగిపోయి పీకేయమంటున్నారు, మీరు హైదరాబాదు నుంచి ఏం చెప్పాలో తేల్చుకోలేకపోతున్నారు.

పీకేయొద్దు. కానీ అది బిగించిన చోటు బాగాలేదు, అంతకంటే ముందు గీజర్ ఉన్న చోటు అసలు బాగాలేదు. అలారం ప్రమాదాన్ని ఆపదు, వచ్చిందని చెబుతుంది. అందుకని గీజర్‌తోనే మొదలెడతాను.

నిమిషానికి 6 లీటర్ల గీజర్ నీళ్ల వేడిని పాతిక డిగ్రీలు పెంచాలంటే గంటకు దాదాపు కిలో గ్యాస్ లెక్కన మండుతుంది. కిలో గ్యాస్ శుభ్రంగా మండడానికి 12, 13 ఘనపు మీటర్ల గాలి కావాలి. మన ఇళ్లలో బాత్‌రూము అయిదడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు, తొమ్మిదడుగుల ఎత్తు అనుకుంటే లోపల ఉన్న గాలి ఏడున్నర ఘనపు మీటర్లు. పావుగంట స్నానానికి మంట ఒక్కటే మూడు ఘనపు మీటర్ల గాలి వాడేస్తుంది, అది వదిలినదంతా అదే గదిలో తిరుగుతుంటుంది. ఆక్సిజన్ తగ్గగానే మంట ఆరిపోతే గొడవే లేదు. అది ఆరదు, ముందు చెడుతుంది. నీలంగా ఉన్నది పసుపు తిరిగి మోనాక్సైడ్ ఎక్కువగా వదలడం మొదలెడుతుంది. ధనుర్మాసంలో చలిగాలి కొట్టకుండా వెంటిలేటర్‌కి అట్టముక్క అడ్డం పెట్టి తలంటు పోసుకుంటారే, ప్రాణం మీదికి తెచ్చేది ఆ అట్టముక్కే.

గీజర్‌ని పెరటివైపు గోడకి, బయటికి మార్పించండి. ప్లంబరుకి ఒక పూట పని. యూనిట్ గోడ అవతల ఉంటుంది, వేడినీళ్ల సీపీవీసీ పైపు మాత్రం లోపలికి వస్తుంది. పదడుగుల పైపులో పోయే వేడి లెక్కలోకి రాదు. పైన వాన పడకుండా రేకు వేయించండి, నాలుగు పక్కలా మూసేసి పెట్టె మాత్రం చేయించొద్దు. పడకగది కిటికీ కింద, బాత్‌రూము వెంటిలేటర్ కింద బిగిస్తే వదిలిన వాయువు తిరిగి ఇంట్లోకే వస్తుంది, కనీసం నాలుగైదడుగులు ఎడం ఉండాలి. గ్యాస్ బండ కూడా బయటే, నిలువుగా, ఎండ తగలని చోట. గొట్టం ఆరెంజ్ రంగు సురక్ష గొట్టమే వాడాలి, అయిదేళ్లకోసారి మార్చాలి. కరెంటు గీజరుకి మారే వీలుంటే ఇంకా నయం, ఈ భాగం మొత్తం మీకు అక్కర్లేకుండా పోతుంది.

మార్చే వరకు లోపలే వాడక తప్పదంటే: బకెట్లు ముందే నింపుకుని, గీజర్ ఆపేసి, అయిదు నిమిషాలు తలుపు తీసి ఉంచి, ఆ తర్వాతే స్నానానికి వెళ్లాలి. షవర్ కింద నిలబడి గీజర్ నడిపించడం పూర్తిగా బంద్. గడియ బయటి నుంచి కూడా తీయగలిగే రకం పెట్టించండి. పెద్దవాళ్లున్న ఇంట్లో గీజర్ ఉన్నా లేకపోయినా అది ఉండాల్సిందే.

మన పల్లెల్లో ఇంకో తంటా ఉంది. ఎండలు మొదలైన దగ్గర్నుంచి వానాకాలం పోయేదాకా గీజర్‌ని ఎవరూ ముట్టుకోరు. ఆ ఏడెనిమిది నెలల్లో బర్నర్ గాలి రంధ్రాల్లో కందిరీగ మట్టిగూడు కడుతుంది, సాలీడు గూడు అల్లుతుంది. కార్తీకంలో మొదటి తలస్నానానికి వెలిగించే మంట గాలి అందని మంట. దీపావళికి ముందే సర్వీసు చేయించాలి. కవరు విప్పి, బర్నర్‌ని మెత్తటి బ్రష్‌తో దులిపి, జెట్లను (గ్యాస్ బయటికొచ్చే సన్నటి రంధ్రాలను) గాలితో ఊదించాలి. జెట్లలో సూది పెట్టి పొడవనివ్వొద్దు, రంధ్రం పెద్దదైతే గ్యాస్ ఎక్కువై మంట ఇంకా పాడవుతుంది. పైన రాగి రెక్కల మధ్య పట్టిన మసి కడిగించాలి. వెలిగించాక మంట పొట్టిగా, నిలకడగా, నీలంగా ఉండాలి. పసుపు నాలుకలు లేస్తున్నా, గీజర్ నెత్తిన మసి కనిపించినా ఆ పూట నుంచే వాడకం ఆపేయాలి.

ఇక అలారం. మన దగ్గర షాపుల్లో "గ్యాస్ డిటెక్టర్" అని అడిగితే ఎక్కువగా ఇచ్చేది ఎల్పీజీ లీకు పట్టుకునేది. ఇది వేరు, అది వేరు. ఎల్పీజీ గాలికంటే బరువు, నేలమీద పరుచుకుంటుంది, కాబట్టి దాని డిటెక్టర్‌ని నేల నుంచి అడుగు ఎత్తులో పెడతారు. మోనాక్సైడ్ గాలికంటే ఒక పిసరు తేలిక, గదంతా సమానంగా కలిసిపోతుంది. ఎల్పీజీకి వాసన కలుపుతారు, మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఏమీ ఉండవు. వంటింట్లో ఎల్పీజీది ఉంది కదా అని మోనాక్సైడ్ అలారం మానేయడానికి లేదు.

కొనేటప్పుడు డబ్బా మీద యూఎల్ 2034 (అమెరికా ప్రమాణం) గానీ, ఈఎన్ 50291 (యూరప్ ప్రమాణం) గానీ ఉందో లేదో చూడండి. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే, ఏ ప్రమాణమూ రాయని ప్లగ్ టైపు వస్తువుల్లో చాలావాటిలో ఉండేది వేడెక్కే సెమీకండక్టర్ సెన్సర్. అది తేమకీ, తాలింపు పొగకీ, దోమల స్ప్రేకీ కూడా ఊగిపోతుంది. మనకు కావలసింది ఎలక్ట్రోకెమికల్ సెన్సర్. అందులో చిన్న గదిలో ఆమ్ల ద్రావణం, ప్లాటినం పూసిన ఎలక్ట్రోడు ఉంటాయి. మోనాక్సైడ్ దాని మీద చేరి చర్య జరిగితే వచ్చే సన్నటి కరెంటే రీడింగు. ఆ ద్రావణం ఎప్పటికీ ఉండేది కాదు కాబట్టే వీటికి 5, 7, లేదా 10 ఏళ్ల గడువు. వెనకవైపు తయారీ తేదీ లేకపోతే కొనొద్దు.

మీ తమ్ముడు తెచ్చినది బ్యాటరీ మోడలా, వైరు మోడలా అన్నది ముందు తేల్చండి. అమెరికా వైరు మోడళ్లు 120 వోల్టులవి. మన 230 వోల్టులకి కలిపితే అక్కడికక్కడే మాడిపోతుంది. ప్లగ్‌కి అడాప్టర్ దొరికినంత మాత్రాన సరిపోదు, లేబుల్ మీద 100 నుంచి 240 వోల్టులు అని రాసి ఉండాలి. గూగుల్ నెస్ట్ ప్రొటెక్ట్ అనే మోడల్ అయితే ఇంకో మాట: దాని తయారీ ఆపేస్తున్నట్టు 2025 మార్చిలో గూగుల్ ప్రకటించింది. చేతిలో ఉన్నది గడువు తీరేదాకా పనిచేస్తుంది, కొత్తగా కొనే పని పెట్టుకోవద్దు. దాని బ్యాటరీ మోడల్‌కి ఆరు లిథియం పెన్ను సెల్లులు కావాలి. ఊళ్లో కిరాణా కొట్టు సెల్లులు వేస్తే నెలల్లో అయిపోవడమే కాక కారి లోపల పాడు చేస్తాయి.

ఎప్పుడు మోగుతుందో తెలిస్తే సగం గందరగోళం పోతుంది. అలారం అంకెతో పాటు ఎంతసేపు ఉందన్నది కూడా చూస్తుంది. అమెరికా ప్రమాణం ప్రకారం 70 పీపీఎం (గాలిలో పదిలక్షల వంతుల్లో 70 వంతులు) దగ్గర గంట నుంచి నాలుగు గంటల మధ్యలో, 150 దగ్గర 10 నుంచి 50 నిమిషాల్లో, 400 దగ్గర 4 నుంచి 15 నిమిషాల్లో మోగాలి. 30 దగ్గర అయితే 30 రోజుల పాటు మోగకూడదని నియమం. యూరప్ ప్రమాణం కాస్త చురుకు: 50 దగ్గర 60 నుంచి 90 నిమిషాలు, 100 దగ్గర 10 నుంచి 40 నిమిషాలు, 300 దగ్గర మూడు నిమిషాల్లోపే. రెండూ దొరికితే మీ ఇంటికి యూరప్‌ది తీసుకోమంటాను. ఎందుకంటే ఈ లెక్కలు ఆరోగ్యంగా ఉన్న వయోజనులని దృష్టిలో పెట్టుకుని వేసినవి. గుండెజబ్బు ఉన్నవాళ్లకీ, గర్భిణులకీ, పసిపిల్లలకీ అంతకంటే తక్కువే ఎక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇళ్లలో గాలికి చెప్పిన హద్దు గంటసేపటికి ఘనపు మీటరుకి 35 మిల్లీగ్రాములు, అంటే దాదాపు 30 పీపీఎం. ఆ 30 దగ్గర అమెరికా అలారం నోరు మెదపదు.

స్మార్ట్ మోడల్ డబ్బుకి తగ్గది అనిపించేది ఇక్కడే. సైరన్ మామూలు అలారానికీ ఉంటుంది, మూడు మీటర్ల దూరంలో 85 డెసిబెల్స్, నిద్రపోయేవాళ్లని లేపేది అదే. స్మార్ట్‌ది అదనంగా ఇచ్చేవి రెండు: సైరన్ మోగని 10, 20, 30 అంకెల గ్రాఫు, ఊళ్లో లేనివాళ్లకి కబురు. అన్ని మోడళ్లూ గ్రాఫు చూపించవు, కొన్ని "బాగుంది, బాగోలేదు" అని రెండు మాటలతో సరిపెడతాయి. అంకె చూపించని స్మార్ట్ అలారం కంటే తెర మీద అంకె చూపించే మామూలు అలారం మేలు.

ఇప్పుడు తెల్లవారుజాము మోత సంగతి. నా అనుమానం మీ ఇన్వర్టర్ మీద. ఎలక్ట్రోకెమికల్ సెన్సర్‌కి హైడ్రోజన్‌కీ మోనాక్సైడ్‌కీ తేడా సరిగా తెలియదు. లెడ్ యాసిడ్ బ్యాటరీ నిండుకొచ్చాక ఛార్జింగ్ సుమారు 14.4 వోల్టులు దాటితే లోపలి నీళ్లు విడిపోయి హైడ్రోజన్ బుడగలు లేస్తాయి. రాత్రి మూడు నాలుగు గంటలు కరెంటు పోయి, వచ్చాక ఇన్వర్టర్ బ్యాటరీని గట్టిగా ఛార్జి చేస్తుంది, అది నిండే వేళకి తెల్లవారుతుంది. హైడ్రోజన్ బాగా తేలిక, తిన్నగా సీలింగుకి చేరుతుంది. మీ అలారం ఉన్నది అక్కడే.

అనుమానాన్ని తేల్చుకునే దారి: ఆ రెండు రోజుల్లోనూ అంతకుముందు కరెంటు పోయిందా, ఎప్పుడు వచ్చింది అని నాన్నగారిని అడగండి. యాప్‌లో గ్రాఫు ఉంటే కరెంటు వచ్చిన కొన్ని గంటలకి అంకె మెల్లగా పైకెక్కి, ఉదయానికి దిగిందేమో చూడండి. పొయ్యి వల్ల వచ్చేది పొయ్యి వెలిగించగానే లేచి, ఆపి కిటికీలు తీయగానే పడిపోతుంది. తర్వాత ఇన్వర్టర్ దగ్గరికి రండి. బ్యాటరీలో నీళ్ల మట్టం చూపించే ఫ్లోట్లు ఎర్రగీత దగ్గరుంటే డిస్టిల్డ్ వాటర్ పోయించాలి. ఇన్వర్టర్ వెనక బ్యాటరీ రకం ఎంచుకునే మీట ఉంటుంది చాలావాటికి. సీల్డ్ (నీళ్లు పోయక్కర్లేని) బ్యాటరీ పెట్టి మీటని ట్యూబులర్ (నీళ్లు పోసే రకం) మీద వదిలేస్తే ఓవర్‌ఛార్జి అవుతూనే ఉంటుంది. బ్యాటరీ పెట్టె ముట్టుకుంటే వేడిగా ఉన్నా, కుళ్లిన గుడ్డు వాసన వస్తున్నా ఆ బ్యాటరీ పని అయిపోయినట్టే. ఛార్జింగ్ ఆపించి గాలి ఆడేలా తలుపులు తీసి, మెకానిక్‌ని పిలిపించండి. ఆ వాసనతో వచ్చే వాయువు కూడా విషమే. వీలైతే ఇన్వర్టర్‌ని హాల్లోంచి వెనక వసారాలోకి మార్చండి.

ఒక హెచ్చరిక మాత్రం తప్పదు. ఇన్వర్టర్ వల్లే అని తేలేదాకా ప్రతి మోతనీ నిజమైనదిగానే తీసుకుని బయటికి వచ్చేయాలి. "మళ్లీ ఆ బ్యాటరీయేలే" అని పడుకున్న రాత్రే నిజంగా వచ్చిందనుకోండి, చెప్పేవాళ్లుండరు.

సెన్సర్‌ని మోసం చేసేవి ఇంకా ఉన్నాయి. గోడలకి కొత్త రంగు, తలుపులకి పాలిష్, శానిటైజర్ ఆవిరి. రంగులు వేసేటప్పుడు అలారాన్ని విప్పి వేరే ఇంట్లో పెట్టి, వాసన పోయాక బిగించండి. రావులపాలెం వైపు అరటి వ్యాపారం ఉన్నవాళ్లకి ఇంకొకటి: గెలలు మగ్గబెట్టే గదిలో ఎథిలీన్‌కి కూడా ఈ సెన్సర్ మోగుతుంది. పొగ వేసి మగ్గబెట్టే పద్ధతైతే అది మోసం కాదు, నిజంగా మోనాక్సైడే. మూసిన గదిలో అగరబత్తులూ, దోమల కాయిలూ కూడా నిజమైన మోనాక్సైడే వదులుతాయి. పూజగదిలో 5, 8 అంకె కనిపిస్తే కంగారు పడక్కర్లేదు. రాత్రంతా ఏసీ గదిలో కాయిల్ వెలిగించుకుని 15 దాటుతుంటే మానుకోవాలి. స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లోపలికి తేదు, ఉన్న గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది. ఈ సంగతి తెలియక "ఏసీ ఉంది కదా, గాలి వస్తుంది" అనుకునేవాళ్లు చదువుకున్నవాళ్లలోనూ ఎక్కువే.

బిగించే చోటు. మొదటి అలారం అమ్మానాన్నలు పడుకునే గదిలో, మంచం మీద తల ఎత్తుకి కాస్త పైగా, గోడకి. రెండోది ఉంటే బాత్‌రూము తలుపుకి బయట, మూడు నాలుగు అడుగుల ఎడంలో. బాత్‌రూము లోపల పెట్టొద్దు, ఆవిరి బొట్లు కట్టే చోట సెన్సర్ బతకదు. వంటింట్లో పెట్టాలనుకుంటే పొయ్యికి ఒకటి నుంచి మూడు మీటర్ల దూరంలో, తలుపు పైకమ్మీ కంటే ఎత్తులో, సీలింగుకి జానెడు కిందగా. ఫ్యాన్ గాలీ, ఏసీ గాలీ సూటిగా తగిలే చోటూ, కిటికీ పక్కా, కర్టెన్ వెనకా, బీరువా పైనా వద్దు. సీలింగు మన డాబా ఇళ్లకి మంచిది కాదు. చాలా అలారాలకి పై హద్దు 38 లేదా 40 డిగ్రీలు. రోహిణి కార్తెలో స్లాబు కింద అంతకు మించే ఉంటుంది. పాత మండువా లోగిలిలో పెంకుల సందుల్లోంచి, మండువాలోంచి వాయువు పోయే దారి ఉంటుంది, భయం తక్కువ. మూసిన కిటికీల కొత్త డాబాలోనే జాగ్రత్త ఎక్కువ కావాలి.

వైఫై కలపడంలో తగిలే చిక్కులు దాదాపు అందరికీ ఒకటే. ఇలాంటి అలారాల్లో ఎక్కువ శాతం 2.4 గిగాహెర్ట్జ్ మీదే పనిచేస్తాయి. ఫైబర్ వాళ్లు పెట్టే రౌటర్ 2.4నీ 5నీ ఒకే పేరుతో చూపిస్తుంటే కలవడానికి మొరాయిస్తుంది. రౌటర్ సెట్టింగుల్లో రెంటికీ వేర్వేరు పేర్లు పెట్టి, ఫోన్‌ని 2.4 పేరుకి కలిపి, మొబైల్ డేటా ఆపి, అప్పుడు ప్రయత్నించాలి. వైఫై భద్రత రకం డబ్ల్యూపీఏ3 పెట్టి ఉంటే డబ్ల్యూపీఏ2కి మార్చాలి. గోడకి బిగించకముందే రౌటర్ పక్కన పెట్టి కలపండి, తర్వాత అసలు చోటికి తీసుకెళ్లి సిగ్నల్ అందుతుందో చూడండి. అడుగున్నర మందం సున్నపు గోడలున్న పాత ఇళ్లలో రెండు గోడలు దాటితే అందదు.

రౌటర్‌నీ, ఫైబర్ డబ్బానీ ఇన్వర్టర్ లైనులో ఉన్న ప్లగ్‌కే పెట్టించండి. లేకపోతే కరెంటు పోగానే మీకు కబురు ఆగిపోతుంది, సరిగ్గా జనరేటర్లూ కుంపట్లూ బయటికొచ్చే వేళ కూడా అదే. యాప్‌లో "డివైస్ ఆఫ్‌లైన్" హెచ్చరిక తప్పక ఆన్ చేసుకోండి. ఫైబర్ కుర్రాడు వచ్చి రౌటర్ మార్చి, పాస్‌వర్డ్ మార్చి వెళ్లిపోతాడు. ఆ రోజు నుంచి అలారం మీ ఫోన్‌కి తెగిపోయి ఉంటుంది, ఇంట్లో మాత్రం పచ్చలైటు వెలుగుతూనే ఉంటుంది. అంతా బాగుందనే అనుకుంటారు.

మీ ఫోన్ వైపు కూడా చూసుకోవాలి. షావోమీ, వివో, ఒప్పో లాంటి ఫోన్లు బ్యాటరీ ఆదా పేరుతో యాప్‌ని వెనక చంపేస్తాయి. ఆటోస్టార్ట్ ఆన్ చేసి, బ్యాటరీ పరిమితి తీసేయాలి. రాత్రి నిశ్శబ్దం పెట్టుకునే అలవాటు ఉంటే ఈ యాప్‌కి మినహాయింపు ఇవ్వాలి. తక్కువ అంకెకి విడిగా హెచ్చరిక పెట్టుకునే వీలుంటే 15 దగ్గర పెట్టండి. తమ్ముడిని కూడా సభ్యుడిగా చేర్చండి, మనకి అర్ధరాత్రి అయినప్పుడు అక్కడ పగలు, తను మేలుకుని ఉంటాడు.

అన్నిటికంటే ముఖ్యం, పక్కింటివాళ్లు. మీరు హైదరాబాదులో ఫోన్ చూసి చేయగలిగింది ఒక ఫోన్ కాల్ మాత్రమే. పక్కింటి పిన్నిగారినో, ఎదురింటి బాబాయిగారినో ముందే అడిగి ఒప్పించి, వాళ్లనీ యాప్‌లో చేర్చండి. తాళంచెవి ఒకటి వాళ్ల దగ్గర ఉంచండి. మీరు హైదరాబాదు నుంచి 108 కొడితే కలిసేది తెలంగాణ కేంద్రానికి. ఫోన్ ఊళ్లోంచే వెళ్లాలి.

మోగినప్పుడు ఏం చేయాలన్నది నాన్నగారికి కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి అలారం పక్కనే అంటించండి: ఇద్దరూ బయటికి. దారిలో ఉన్న తలుపులు తీస్తూ వెళ్లాలి, పొయ్యి దారిలో ఉంటే కట్టేయాలి, కారణం వెతకడానికి లోపల ఆగకూడదు. బయట అరుగు మీద కూర్చుని పక్కింటికి ఫోన్. తలనొప్పి, వాంతి వచ్చేలా ఉండడం, కళ్లు తిరగడం, కాళ్లలో సత్తువ లేకపోవడం ఏది ఉన్నా 108, ఆక్సిజన్ కావాలని ఫోన్‌లోనే చెప్పాలి. అంకె సున్నాకి వచ్చేదాకా లోపలికి వెళ్లకూడదు. బటన్ నొక్కి మోత ఆపడం గాలి బాగుపడడం కాదు. గ్యాస్ వాసన కూడా వస్తుంటే కరెంటు స్విచ్‌లు ముట్టుకోకుండా బయటికొచ్చి 1906కి ఫోన్ చేయాలి, అది ఎల్పీజీ లీకు కోసం ఉన్న నంబరు.

బాత్‌రూములో మనిషి పడిపోతే ముందు తలుపు బద్దలుకొట్టి, మనిషిని గాలిలోకి లాగాలి, గీజర్ ఆపడం ఆ తర్వాత. లోపలికి వెళ్లేవాళ్లు ఊపిరి బిగబట్టి వెళ్లి వెంటనే రావాలి. లాగడానికి వెళ్లి ఇంకొకరు పడిపోవడం ఇలాంటి చోట్ల జరిగేదే.

కోవిడ్ రోజుల్లో కొన్న పల్స్ ఆక్సీమీటర్ ఇక్కడ పనికిరాదు సరికదా, తప్పుదారి పట్టిస్తుంది. మోనాక్సైడ్ రక్తంలోని హిమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. అలా పట్టుకున్న రక్తాన్ని కూడా ఆ క్లిప్పు ఆక్సిజన్ ఉన్న రక్తంగానే చూసి 98 అని చూపిస్తుంది. ఆస్పత్రిలో "గీజర్ వల్ల అనుమానం, కార్బాక్సీహిమోగ్లోబిన్ చూడండి" అని మీరే నోరు తెరిచి చెప్పాలి (రక్తాన్ని మోనాక్సైడ్ ఎంత పట్టుకుందో చెప్పే పరీక్ష అది), లేకపోతే బీపీ, షుగర్, తిన్నది పడలేదు అని పంపేస్తారు. మామూలు గాలిలో రక్తంలోని మోనాక్సైడ్ సగం కావడానికి నాలుగైదు గంటలు పడుతుంది. మాస్క్‌తో పూర్తి ఆక్సిజన్ పెడితే గంటా గంటన్నర. ఇంట్లో అందరికీ ఒకేసారి తలనొప్పి, జ్వరం లేదు, అరుగు మీదికి రాగానే తేలిక: ఈ మూడూ కలిస్తే అనుమానించాలి.

మీరు అడగకపోయినా మన వైపు చెప్పక తప్పనివి కొన్ని. బాలింత గదిలో కుంపటి. గాలి తగలకూడదని కిటికీలు మూసి, మంచం కింద నిప్పులు పెడతారు. "పొగ లేదు కదా, బొగ్గులే కదా" అంటారు. కొబ్బరి చిప్పల బొగ్గు ఎర్రగా, పొగ లేకుండా మండుతున్నప్పుడే మోనాక్సైడ్ దండిగా వస్తుంది. పసిగుడ్డు రక్తం దాన్ని పెద్దవాళ్ల కంటే తేలిగ్గా పట్టుకుంటుంది. సాంబ్రాణి వేయాలంటే తలుపు బార్లా తీసి వేసి, నిప్పులను వెంటనే దొడ్లోకి తీసుకుపోవాలి. అమ్మమ్మలతో వాదన వద్దు, తెర మీద అంకె చూపించండి, పని అవుతుంది.

తుపాను రోజుల్లో జనరేటర్. వాన పడుతోందని వసారాలోకి లాగి, మీద టార్పాలిన్ కప్పుతారు. పెట్రోలు జనరేటర్ ఇంటికి కనీసం 20 అడుగుల దూరంలో, పొగ గొట్టం ఇంటికి అవతలి వైపుకి ఉండాలి. తలుపులు తీసి ఉంచితే చాలనుకోవడం తప్పు, గాలి మళ్లితే పొగంతా లోపలికే. భీమవరం, ఆకివీడు వైపు రొయ్యల చెరువుల గట్ల మీద జనరేటర్ షెడ్డుకి ఆనించి కాపలా గది కడతారు. ఆ గదికి స్మార్ట్ ఏమీ అక్కర్లేదు, సెల్లులతో నడిచే మామూలు అలారం ఒకటి చాలు, జనరేటర్ వైపు గోడకి కన్నం లేకుండా పూడ్చాలి. కోడిపిల్లల షెడ్డులో వెచ్చదనానికి బొగ్గు బ్రూడర్ పెట్టి అక్కడే పడుకునే కుర్రాళ్లకీ ఇదే మాట. ఆత్రేయపురంలో పూతరేకుల కుండ ముందు పొద్దంతా కూర్చునే ఆడవాళ్ల దగ్గర అలారం అస్తమానం మోగుతూ ఉంటుంది, వాళ్లకి కావలసింది పొగ పైకి పోయే గొట్టమూ, వీపు వెనక గాలి వచ్చే కిటికీ.

నెలకోసారి టెస్ట్ బటన్ నొక్కమని అమ్మగారికి చెప్పి, మీ ఫోన్‌కి కబురు వచ్చిందో లేదో చూసుకోండి. ఆ బటన్ సైరన్‌నీ సర్క్యూట్‌నీ పరీక్షిస్తుంది, సెన్సర్‌ని కాదు. సెన్సర్ బతికుందో చూడాలంటే తెర ఉన్న అలారాన్ని ఆరుబయట పారదర్శకమైన ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, వెలిగించిన రెండు అగరబత్తులు లోపల ఉంచి మూత వేయండి. కొద్ది నిమిషాల్లో అంకె కదలాలి. కదలగానే తీసేయండి, పొగలో నానబెట్టొద్దు. స్టవ్ మీదా, కారు పొగ గొట్టం దగ్గరా పెట్టి చూడొద్దు, సెన్సర్ పాడవుతుంది. రంధ్రాల్లో చీమలూ సాలెగూళ్లూ చేరకుండా పొడి బ్రష్‌తో దులపాలి, తడిగుడ్డ వద్దు. అంతర్వేది, ఓడలరేవు లాంటి సముద్రపు ఊళ్లలో సెల్లుల చివర్లకి చిలుము పడుతుంది, మూడు నెలలకోసారి విప్పి తుడవాలి. సెల్లు తక్కువైతే నిమిషానికోసారి కిచకిచమంటుంది. సెల్లు మార్చినా అదే చప్పుడు వస్తుంటే వెనక తేదీ చూడండి, గడువు తీరిపోయి ఉంటుంది. అలాంటిదాన్ని గోడకి ఉంచొద్దు, కొత్తది వచ్చిన రోజే విప్పేసి దాని సెల్లులు కూడా తీసేయండి.